విత్తనానికి వదిలిన కాయ

మకర సంక్రాంతి నాడు సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో పాత పంటల జాతర బయల్దేరుతుంది. ఎడ్లబండ్లను అలంకరించి, తోరణాలు కట్టి, జొన్నలు, సజ్జలు, కొర్రలు, సామలు, కందులు, అనుములు రకానికో బుట్టలో పోసి, డప్పుల మోతతో ఊరూరా తిప్పుతారు. బండి ఆగిన చోట రైతులు గుమిగూడతారు. ఏ నేలకు ఏ జొన్న, వాన ఆలస్యమైతే ఏ కంది అని మాటలు సాగుతాయి. సుమారు నెల రోజులు తిరిగాక ఫిబ్రవరిలో మాచ్నూరులో జాతర ముగుస్తుంది. 1983లో పస్తాపూర్ కేంద్రంగా మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు పాతికేళ్లుగా దీన్ని నడుపుతున్నాయి. సంఘాల్లో ఎక్కువమంది చిన్న కమతాలున్న దళిత స్త్రీలు. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి 2019లో ఈ సంస్థకు వచ్చింది. సంస్థకు ఇన్నేళ్లూ దారి చూపిన పి.వి. సతీష్ 2023 మార్చిలో కన్నుమూశారు.

ఆ బుట్టలు చూసి మెచ్చుకుని వెళ్లిపోవడానికి పెట్టినవి కావు. సంఘం విత్తన బ్యాంకులో ఒక కొలత గింజలు తీసుకున్న మనిషి పంట చేతికొచ్చాక రెట్టింపు కొలిచి తిరిగి పోయాలి. తీసుకున్నవాళ్లు పండించాలి, పండించినవాళ్లు ఇంకొకరికి ఇవ్వాలి. చేతులు మారినంత కాలమే విత్తనం బతుకుతుందన్న సంగతి ఆ స్త్రీలు ఒక లెక్కగా, ఒక కట్టుబాటుగా పెట్టుకున్నారు. గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగిన నాకు ఆ బండ్ల వెనక నడుస్తుంటే మా పెరళ్లు కళ్లముందు కదిలాయి. మెట్ట చేల విత్తనానికి ఇంత గౌరవం దక్కుతుంటే, పందిరి మీద కాయకు, పాదులో దుంపకు ఆ గౌరవం ఎక్కడుంది?

ఉంది. మా దగ్గర అది బండెక్కి ఊరేగదు, పండగల్లో కలిసిపోయి ఉంటుంది. వినాయక చవితి ముందు రోజు రాజమండ్రి, కాకినాడ, భీమవరం, ఏ బజారుకైనా వెళ్లండి. పాలవెల్లికి కట్టడానికి వెలక్కాయలు, వాక్కాయలు, మొక్కజొన్న పొత్తులు, పిందెలతో ఉన్న రెమ్మలు అమ్ముతుంటారు. పూజకు తెచ్చే 21 పత్రుల్లో వాకుడాకు ఒకటి. వంగకు అది అడవి చుట్టం. కూరగా వండుకునే మొక్కతో పాటు దాని ముళ్ల చుట్టాన్ని కూడా ఏడాదికొకసారి గుర్తుపట్టి కోసుకురావలసిన పని పిల్లలకు పడేది. అట్లతద్ది నాడు తెల్లారకుండా తినే అన్నంలోకి గోంగూర పచ్చడి ఉండాలి. పెళ్లి భోజనంలో ఆవ పెట్టిన కంద బచ్చలి, పనసపొట్టు లేకపోతే వంటవాడికి మాట వస్తుంది. సంక్రాంతికి గుమ్మడిపండు దానం ఇస్తారు. ముక్కలు కోసి ఇవ్వరు, పండిన కాయను గింజలతో సహా ఇస్తారు. ఆ దానంతో పాటు ఒక పెరటి విత్తనం ఇంకో పెరట్లోకి వెళ్తుందని నాకనిపిస్తుంది. రథసప్తమికి చిక్కుడుకాయలతో సూర్యుడికి రథం కట్టి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెడతారు. ఏ కాలానికి ఏ కాయ పెరట్లో సిద్ధంగా ఉండాలో పంచాంగమే చెప్పేది. ఉండాలంటే ముందే విత్తాలి, విత్తాలంటే ఇంట్లో గింజ ఉండాలి.

ఈ గింజను నిలబెట్టిన పనితనం గురించి చెప్పాలి. అది ఎక్కువగా ఆడవాళ్ల పనితనం, అందుకే దాన్ని ఎవరూ పెద్దగా రాసిపెట్టలేదు.

ముందుగా చిక్కుడు. ఆషాఢ, శ్రావణాల్లో దడి పక్కన గుంట తీసి, పేడ ఎరువు, పొయ్యి బూడిద కలిపి రెండు మూడు గింజలు పెడతారు. వానలన్నీ తాగి తీగ పందిరి నిండా పాకుతుంది. ఆశ్వయుజం దాటేదాకా ఆకే తప్ప పూత ఉండదు. కొత్తగా పెంచేవాళ్లు ఇక్కడ బెంబేలెత్తి ఎరువు మీద ఎరువు వేస్తారు. కానీ పాత పందిరి చిక్కుడు పగటి పొడవును బట్టి పూస్తుంది. రాజమండ్రిలో జూన్‌లో పగలు 13 గంటలకు కొంచెం పైన, డిసెంబరులో 11 గంటలకు కొంచెం పైన. తేడా రెండు గంటలే. ఆ రెండు గంటల తరుగుదలను మొక్క పసిగట్టి కార్తీకంలో పూత పట్టి, మార్గశిరం నుంచి మాఘం దాటేవరకు కాయలిస్తూ ఉంటుంది. రథసప్తమి నాటికి పందిరి మీద లేత కాయా ఉంటుంది, ముదురు కాయా ఉంటుంది, ఎండిన కాయా ఉంటుంది. లేతది కూరకు, ముదురుది గింజలు ఒలిచి పులుసులోకి, ఎండినది విత్తనానికి.

అమెరికాలో న్యూజెర్సీ వంటి చోట స్థిరపడ్డ మన వాళ్లు ఊరి నుంచి తెచ్చిన చిక్కుడు గింజలు వేసి ఏటా పడే బాధ ఇదే. వేసవి పగళ్లు అక్కడ మరీ పొడుగు. తీగ బ్రహ్మాండంగా పెరుగుతుంది. సెప్టెంబరు ఆఖరుకి పగలు తగ్గి పూత మొదలయ్యే సరికి మంచు పడి తీగ మాడిపోతుంది. గోంగూర ఆకు కోసం పెంచేది కాబట్టి వాళ్లకు దానితో ఇబ్బంది లేదు. చిక్కుడుకు మాత్రం పగటి పొడవుతో పని లేని పొట్టి రకాలు వెతుక్కోవలసి వస్తోంది. అలాంటి రకాలు ఇప్పుడు మన దగ్గరా ఉన్నాయి, ఏ నెలలో వేసినా కాస్తాయి, వ్యాపారానికి మంచివే. కానీ వానాకాలం అంతా పెరిగి చలికాలం అంతా కాసే పందిరి చిక్కుడు ఈ అక్షాంశానికి, ఈ వానలకు తరతరాలుగా అలవాటు పడ్డ మొక్క. దాన్ని పోగొట్టుకుంటే కొనుక్కుని తెచ్చుకోగలిగిన చోటు ఇంకెక్కడా లేదు.

చిక్కుడులో ఒక సుఖం ఉంది. పువ్వు తనలో తానే ఎక్కువగా ఫలదీకరణ చేసుకుంటుంది కాబట్టి పక్కింటి రకంతో కలిసిపోయే భయం తక్కువ. పాదు కూరల సంగతి అలా కాదు. బీర, ఆనప, పొట్ల, కాకర, గుమ్మడి, దోస వీటన్నిటికీ మగ పువ్వు వేరు, ఆడ పువ్వు వేరు. తేనెటీగో, రెక్కల పురుగో పుప్పొడి మోసుకురావాలి. అది ఎవరి పెరట్లోంచి మోసుకొస్తుందో మనకు తెలియదు. ధ్రువీకరించిన విత్తనం పండించే రైతు ఇలాంటి తీగజాతి పంటల్లో రెండు రకాల మధ్య కనీసం 500 మీటర్లు, మూల విత్తనానికైతే 1,000 మీటర్లు ఎడం ఉంచాలని నిబంధన. కోనసీమలో ఇంటికి ఇల్లు ఆనుకుని ఉన్నచోట అంత ఎడం ఎక్కడినుంచి వస్తుంది? అందుకే పూత వేళలు తెలిసి ఉండాలి. బీర, ఆనప, పొట్ల పూలు పొద్దువాలాక విచ్చుకుంటాయి. గుమ్మడి, దోస, కాకర పూలు తెల్లవారుజామున విచ్చుకుంటాయి. రేపు విచ్చుకునే ఆడ మొగ్గను (వెనకాల చిన్న పిందె ఉండడంతో ఇట్టే పోల్చుకోవచ్చు) ముందే దారంతో మెత్తగా కట్టేయాలి లేదా పల్చటి గుడ్డసంచి తొడగాలి. మగ మొగ్గను కూడా అలాగే. విచ్చుకునే వేళకు మగ పువ్వు తుంచి, రేకులు తీసేసి, ఆడ పువ్వు మధ్యన అద్ది మళ్లీ సంచి తొడగాలి. రెండు మూడు రోజుల్లో పిందె నిలబడిందో లేదో తెలుస్తుంది. నిలబడితే తొడిమకు గుర్తుగా ఒక గుడ్డపీలిక. అయిదు నిమిషాల పని ఇది. ఏ ప్రయోగశాలా అక్కర్లేదు.

దోసకాయ దగ్గర ఇంకో మెలిక. పప్పులో వేసుకునే పసుపుపచ్చ దోస, బుడమకాయ, ఖర్బూజా ఇవన్నీ ఒకే జాతి, ఒకదానితో ఒకటి సంకరం అవుతాయి. కీరా జాతి వేరు, అది వీటితో కలవదు. బుడమ తీగ పక్కనే దోసపాదు పెట్టుకుని గింజ దాస్తే మరుసటి ఏడు చేదు కాయలు, చిన్న కాయలు, చారల కాయలు అన్నీ కలిసి వస్తాయి. ఆనపలో ఇది మరీ జాగ్రత్త పడవలసిన విషయం. చేదు ఆనపలో ఉండే కుకుర్బిటాసిన్ పదార్థాలు ప్రాణం మీదికి తెస్తాయి. కోసిన ఆనపకాయ చిన్న ముక్క నాలుక చివర పెట్టి చూసి, చేదనిపిస్తే కాయ మొత్తం పారేయడం పాత ఇళ్లలో అలవాటు. ఆ అలవాటు వదలకూడదు. ఆ తీగ నుంచి విత్తనం అసలే తీయకూడదు.

అంబాజీపేట దగ్గర మా మేనత్త పెరట్లో పందిరి మీద ఒక బీరకాయ గోధుమరంగుకు తిరిగి వేలాడుతుంటే, కోయడం మర్చిపోయిందేమో అనుకుని నేను చెయ్యి వేశాను. "అది ముట్టుకోకు, విత్తనానికి వదిలాను. ఎర్రపీలిక కట్టాను, కనబళ్లేదా?" అంది. తీగ మొదట్లో కాసిన మొట్టమొదటి కాయను ఆమె వదలదు, ఆఖరి కాయలు అసలు వదలదు. తీగ మంచి వయసులో, నిండుగా ఆకు మీద ఉన్నప్పుడు కాసిన రెండో కాయో మూడో కాయో ఎంచుతుంది. తీగకు ఒకటి చొప్పున, కనీసం నాలుగైదు తీగల నుంచి తీస్తుంది. ఒకే కాయలోంచి ఏళ్ల తరబడి గింజ తీస్తూ పోతే జాతి బలహీనపడుతుందన్న సూత్రం ఆమె పాఠంగా చదవలేదు, "ఒక్క తల్లి పిల్లలైతే నీరసిస్తాయి" అంటుంది. కాయ పూర్తిగా ఎండి, ఊపితే లోపల గలగలలాడాలి. అప్పుడు కింది కొనను వేలితో నొక్కితే చిన్న మూతలా ఊడి వస్తుంది. తలకిందులు చేసి కొడితే నల్లటి గింజలు రాలి, పీచు వలలో ఇరుక్కున్నవి మిగులుతాయి. ఆ ఇరుక్కున్నవాటిని ఆమె విత్తనానికి తీసుకోదు. రాలినవాటిని చేటలో పోసి చెరిగి, నీళ్లలో వేసి తేలిన తప్ప గింజలు తీసేసి, మునిగినవి నీడన ఆరబెడుతుంది. పీచు ఒళ్లు రుద్దుకోవడానికి పనికొస్తుంది.

దోస, వంగ గింజలకు తడి పద్ధతి. విత్తనానికి వదిలిన వంకాయ పండి పసుపు తిరిగేదాకా చెట్టుకే ఉండాలి. కోసి, నీళ్లలో పిసికి, ఒక పూట ఉంచితే గుజ్జు పైకి తేలి మంచి గింజ అడుక్కి చేరుతుంది. దోసగింజల చుట్టూ ఉండే జిగురు ఒకటి రెండు రోజులు పులియబెడితే విడిపోతుంది. కడిగి, బూడిదలో దొర్లించి ఆరబెట్టడం ఒక తీరు. తడి గింజలను పేడలో కలిపి పిడకలా గోడకు కొట్టడం ఇంకో తీరు. విత్తే రోజు వచ్చేసరికి పిడక ముక్క విరిచి పాదులో వేస్తే గింజతో పాటు ఎరువు కూడా వెళ్తుంది. ఈ పనులు చేసే చేతులు నాకు తెలిసి చదువు కోసం ఏ విశ్వవిద్యాలయానికీ వెళ్లినవి కావు. ఆ చేతులు చేసిన పనిలో ప్రతిదానికీ శాస్త్రంలో ఒక కారణం దొరుకుతుంది.

డెల్టాలో విత్తనం దాచడం మెట్ట ప్రాంతంలో కంటే కష్టం. మా గాలిలో తేమ ఎక్కువ. గింజలో తేమ ఒక్క శాతం తగ్గిస్తే దాని ఆయుష్షు రెట్టింపవుతుందని విత్తన శాస్త్రంలో ఒక మోటు లెక్క ఉంది. దాన్ని బట్టి చూస్తే పొయ్యి మీద అటకకు, పొగ పట్టిన చూరుకు ఉన్న విలువ తెలుస్తుంది. వెచ్చదనానికి గింజ ఆరుతుంది, పొగకు పుచ్చు పురుగు చేరదు. ఎండిన ఆనపబుర్రలో బూడిద కలిపిన గింజలు పోసి మూతి బిగించి అటక మీద పెట్టేవాళ్లు. వరద వచ్చినా అటక ఎక్కువగా మునగదు. 1986 ఆగస్టు వరదలో, 1996 నవంబరు 6 తుపానులో ఊళ్లకు ఊళ్లు ఎంత నష్టపోయాయో కోనసీమలో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. అలాంటి ఏడు ఒక ఇంట్లో గింజ పోయినా ఆడపడుచు ఇంట్లోనో, పుట్టింట్లోనో, ఇంకో ఊళ్లో వియ్యపురాలి దగ్గరో అదే గింజ ఉండేది. పంచిపెట్టిన ఇల్లే తర్వాత పుచ్చుకునేది. గ్యాస్ పొయ్యి వచ్చాక పొగ చూరు పోయింది, పోవలసిందే కూడా, ఆ పొగ ఆడవాళ్ల ఊపిరితిత్తులను తినేసింది. ఇప్పుడు గింజను బాగా ఆరబెట్టి, గాలి చొరబడని గాజుసీసాలో, అడుగున వేయించి చల్లార్చిన బియ్యం మూటకట్టి వేస్తే అదే పని జరుగుతుంది. గింజ ఆరిందా అంటే, పంటికింద పెట్టి కొరికితే టక్కున విరగాలి. పళ్లగాటు పడి ఊరుకుంటే ఇంకా తడి ఉన్నట్టు.

గోదావరి నేల మరీ ప్రత్యేకంగా ఇచ్చిన కూర ఏదంటే నేను కందనే చెబుతాను. కొబ్బరితోటల నీడలో, అరటి మధ్యన, ఒండ్రు నేలలో కంద ఊరినట్టు ఇంకెక్కడా ఊరదని మా వాళ్ల గట్టి నమ్మకం. నోరు దురదపెట్టడం కందకు పుట్టు గుణం. అందులోని కాల్షియం ఆక్సలేట్ సూదుల వల్ల ఆ దురద. చింతపండు పులుసు వేయడం అందుకే. రాజమండ్రికి ఎదుటి ఒడ్డున కొవ్వూరులో ఉన్న ఉద్యాన పరిశోధన స్థానం వాళ్లు స్థానిక కంద నుంచి ఎంపిక చేసిన గజేంద్ర రకం దురద లేకుండా మెత్తగా ఉడుకుతుంది. దేశమంతటా కంద వేసే రైతులు దాన్ని వేస్తున్నారు. ఒక ప్రాంతపు పెరటి దుంపలోంచి శాస్త్రవేత్తలు ఏరి తీసిన రకం దేశం పంటయింది. ఆ ఏరడానికి ముందు ఎవరో ఆ దుంపను ఏళ్ల తరబడి నాటుతూ వచ్చి ఉండాలి కదా. ఆ మనుషుల పేర్లు మనకు మిగల్లేదు.

కందకు, చేమకు, పెండలానికి విత్తనం అంటే దుంప ముక్కే. కన్ను ఉండేలా కోసి, పేడనీళ్లలో ముంచి, నీడన ఆరబెట్టి, వేసవి ఆఖరుకు నాటుతారు. తల్లికి నకలుగా పిల్ల వస్తుంది, సంకరం భయం లేదు. కానీ ఇక్కడ వేరే ప్రమాదం ఉంది. గింజలా దీన్ని కాగితం పొట్లంలో అయిదేళ్లు దాచలేం. ఒక్క ఏడు నాటకపోతే ఆ ఇంట్లో ఆ రకం పోయినట్టే. తిరువనంతపురంలో 1963లో మొదలైన కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ కూడా దుంప రకాలను ఏటా మడుల్లో నాటి కాపాడుకోవలసిందే. గోదావరి పెరళ్లన్నీ కలిపితే అంతకంటే పెద్ద మడి. కాంక్రీటు వేసిన ప్రతి పెరడూ ఆ మడిలో ఒక గడిని మూసేస్తోంది. గోదావరి జిల్లాల్లో విత్తనాల గురించి మాట్లాడేవాళ్లు గింజల గురించే మాట్లాడి దుంపలను వదిలేయడం నాకు బాధగా ఉంటుంది.

వంకాయ దగ్గర రుచి మాట వస్తుంది. ముళ్ల వంకాయ, తెల్ల వంకాయ, నీటి వంకాయ, గుత్తికి సరిపోయే చిట్టి ఊదా వంకాయ, లంకల్లో వరద దిగాక కొత్త ఒండ్రు మీద కాసిన మెత్తటి వంకాయ. ప్రతి దానికీ ఒక కూర ఉంది. కాల్చి పచ్చడి చేసే కాయను గుత్తికి వాడితే వంటింట్లో ఒప్పుకోరు. 2010 ఫిబ్రవరి 9న అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేష్ బీటీ వంగ సాగును నిలిపివేస్తూ చెప్పిన కారణాల్లో, వంగ వైవిధ్యానికి మన దేశం పుట్టినిల్లు కావడం కూడా ఉంది. హైదరాబాద్‌తో సహా చాలా నగరాల్లో బహిరంగ విచారణలు జరిగాకే ఆ నిర్ణయం వచ్చింది. వైవిధ్యం అని పెద్ద మాటగా చెప్పేది పెరట్లో ఈ నాలుగు చెట్ల రూపంలోనే ఉంటుంది. వంగలో స్వయం ఫలదీకరణే ఎక్కువైనా తేనెటీగలు కొంత కలిపేస్తాయి. విత్తనానికి ఉంచిన కొమ్మకు పూతకు ముందే పల్చటి గుడ్డ చుడితే చాలు.

పాతదంటే ఈ గడ్డ మీదే పుట్టిందని అర్థం కాదు. మిరప, చిలగడదుంప, సంక్రాంతి తియ్యగుమ్మడి సముద్రాలు దాటి అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. వడియాలకు వాడే బూడిద గుమ్మడి ఆసియాది. అయినా తరతరాలుగా మన చేతుల్లో ఎంపికై, మన వానకు, మన పురుగుకు తట్టుకుని, మన నాలుకకు నచ్చి నిలిచాక అది మన విత్తనమే. ఇప్పుడు అమెరికాలోని అయోవాలో ఉన్న విత్తన సంస్థ సీడ్ సేవర్స్ ఎక్స్‌ఛేంజ్‌ను 1975లో మొదలుపెట్టిన దంపతులకు ప్రేరణ కూడా ఇలాంటిదే. బవేరియా నుంచి కుటుంబంతో పాటు వచ్చిన పూలతీగ గింజలు, టమాటా గింజలు తాతగారి నుంచి ఆ దంపతుల్లో భార్య చేతికి వచ్చాయి.

ఇప్పుడు ఆలమూరు మండలం మడికి మార్కెట్‌కు పోయి చూస్తే లారీల నిండా ఒకే సైజు, ఒకే రంగు కాయలు. ఆ కాయలు పండించే రైతును నేను తప్పుపట్టను. అతనికి ఒకేసారి కోత రావాలి, దారిలో కాయ చితకకూడదు, అప్పు తీరాలి. హైబ్రిడ్ విత్తనం ఆ పనికే తయారైంది. రెండు వేర్వేరు తల్లిదండ్రులను కలిపిన మొదటి తరం అది, దాని గింజ దాచి వేస్తే తర్వాతి తరం రకరకాలుగా విడిపోతుంది, అందుకని ఏటా కొనాలి. ఇంటికి కావలసింది దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. రోజుకు నాలుగు కాయలు, మూడు నెలల పాటు, నలుగురు మనుషులకు. ఒకేసారి అయిదు కిలోల బీరకాయలు దిగితే ఇల్లాలికి సంతోషం కాదు, తలనొప్పి. నిదానంగా, విడతలు విడతలుగా కాసే పాత రకమే పెరటికి తగినది. మిద్దెతోట పెంచేవాళ్లు ప్యాకెట్ మీద దిగుబడి లెక్క చూసి విత్తనం కొనడం అందుకే సరికాదు. ఎన్నాళ్లు కాస్తుందో అడగాలి.

పెరటి మొక్కకు మందు కూడా పెరట్లోదే సరిపోతుంది. పాదుకూరల లేత ఆకులను తినే ఎర్ర పెంకుపురుగుకు పొద్దున్నే మంచు తడి మీద బూడిద చల్లుతారు. పొట్లకాయ మెలి తిరగకుండా కొనకు చిన్న రాయి కట్టి వేలాడదీస్తారు. డెల్టాలో వానాకాలం నీళ్లు నిలుస్తాయి కాబట్టి పాదును నేలకంటే జానెడు ఎత్తుగా కట్టుకోవాలి. మెట్టలో లాగా పాదును పల్లంగా వదిలేస్తే వేరు కుళ్లుతుంది. 2024లో గుల్బెంకియన్ బహుమతి పంచుకున్న ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం పెరటితోటలను మహిళా సంఘాల ద్వారా ప్రోత్సహిస్తోంది. ఆ సంఘాల దగ్గర ఇప్పటికే పొదుపు పుస్తకాలు ఉన్నాయి. పక్కన విత్తనాల పద్దు ఒకటి చేరిస్తే జహీరాబాద్ లెక్క ఇక్కడా నడుస్తుంది.

చట్టం కూడా మన వైపే ఉంది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 39వ సెక్షన్ ప్రకారం రైతు తన పంట నుంచి విత్తనం దాచుకోవచ్చు, మళ్లీ వేయవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. బ్రాండు ముద్ర వేసి ప్యాకెట్ కట్టి అమ్మడానికి మాత్రమే రక్షిత రకాల విషయంలో వీలు లేదు.

అలాంటప్పుడు గోదావరి ఒడ్డున ఒక విత్తన సంబరం జరగాలంటే ఎలా ఉండాలి? కాలం రథసప్తమి దగ్గర. చిక్కుడు ఎండుతుంది, గుమ్మడి పండుతుంది, కంద తవ్వకాలు నడుస్తుంటాయి, అన్ని విత్తనాలూ అప్పుడు చేతిలో ఉంటాయి. కడియపులంక, బుర్రిలంక నర్సరీల వాళ్లకు అంటు కట్టడంలో ఉన్న నేర్పు దేశం మొత్తానికి తెలుసు. పూలమొక్కల పక్కన పాత వంగ, మిరప నారు పెంచి ఇస్తే పట్నం మనిషికి అదొక దారి అవుతుంది. తాడేపల్లిగూడెం దగ్గర వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, కొవ్వూరులో కంద నిపుణులు ఉన్నారు. వాళ్లు వేదిక మీద ప్రసంగాలు చేయడం కంటే, బల్లల దగ్గర కూర్చుని కాయ చూసి జాతి చెబితే ఎక్కువ మేలు. ప్రతి బల్ల మీద కాయ కోసి, గింజ చూపించి, దాని కూర వండి రుచి చూపించాలి. నోటికి నచ్చని విత్తనాన్ని ఎవరూ రెండో ఏడు వేయరు.

ఇచ్చే ప్రతి పొట్లం మీద కాయ పేరు, ఊరు, ఎవరి దగ్గర నుంచి వచ్చింది, ఏ నెలలో వేయాలి, తీసిన ఏడాది ఏది అని రాసి ఉండాలి. పాదుకూరలైతే పూవు కట్టి తీసిన గింజా, ఊరికే వదిలేసి తీసిందా అన్నది తప్పకుండా రాయాలి. పుచ్చుకున్నవాళ్లు మరుసటి ఏడు పిడికెడు తిరిగి తేవాలి. కందకు ముక్కకు ముక్క.

తేవడానికి ముందు ఇంట్లో ఒక పరీక్ష చేసుకోండి. పది గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టి, గుడ్డ ఆరకుండా చూసుకుంటూ వారం ఉంచండి. గట్టి పొట్టు ఉన్న కాకర, ఆనప గింజలైతే ముందు రాత్రి నానబెట్టి, ఇంకో మూడు రోజులు ఎక్కువ ఆగండి. ఏడెనిమిది మొలిస్తే నిశ్చింతగా పంచవచ్చు. నాలుగే మొలిస్తే వాటిని ఎవరికీ ఇవ్వకండి, పారేయకండి కూడా. మిగిలిన గింజలన్నీ మీ పెరట్లోనే ఒత్తుగా వేసి, నిలబడిన మొక్కల్లోంచి కొత్త విత్తనం తీసి, ఆ విత్తనాన్ని మరుసటి రథసప్తమికి పట్టుకురండి.